నన్ను బంగారమన్న గుడ్డ

జూన్ 11

కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళు వస్తారట. అందుకని మా కాలేజీ జూలై లోపల అంతర్జాతీయం కావాలి. మొన్నటిదాకా ఆడపిల్లల బాత్రూములో నల్లా పనిచేస్తే చాలన్నది మా ఆశయం.

మీటింగులో కరస్పాండెంట్ బాలకృష్ణ సార్ ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుని ప్రపంచంలో ఉన్న దినాలన్నీ చదివాడు. సముద్ర దినం అయిపోయింది. యోగా అందరూ చేస్తారు. "జూలై ఏడు, ప్రపంచ స్వాహిలి భాషా దినం. ఇదేందిది, మన జిల్లాల ఎవ్వలు చేసినట్టు లేరే," అన్నాడు. ఎవరూ చేయనిదైతే చాలు ఆయనకు.

"మనకు మాలతి మేడం లేదా సార్? ఏడేండ్లు టాంజానియాల ఉండి వచ్చింది. గడగడ మాట్లాడ్తది," అన్నాడు ఇంగ్లిష్ చెప్పే జయరాజు. పొగిడాడో ఎత్తిపొడిచాడో తెలియకుండా మాట్లాడటం అతనికొక కళ. సబ్జెక్టు రాకపోయినా ఆ కళ వచ్చు.

నేను కాదనలేదు. ఆరేళ్ళుగా కాదనలేదు. వనపర్తిలో నన్ను పొలిటికల్ సైన్స్ మేడం అని ఎవరూ అనరు. స్వాహిలి మేడం అంటారు. ఏటా కాంట్రాక్టు పొడిగించేటప్పుడు బాలకృష్ణ సార్‌కు గుర్తొచ్చేదీ అదే. "మన స్వాహిలి మేడం గద, ఉండనీ."

"స్పీచ్ పెడితే పిల్లలు గోడ దుంకుతరు. ట్రెజర్ హంట్ పెట్టుండ్రి మేడం. అల్కగ ఉండాలె జర. మనోళ్ళకు ఏం రాదు," అన్నాడు సార్.

మనోళ్ళకు ఏం రాదు అన్న నమ్మకం మీదే ఈ కాలేజీకి మూడంతస్తులు లేచాయి.

జూన్ 13

మా ఆయన నరేందర్ నవ్వాడు. అన్నం తిన్నంతసేపూ నవ్వాడు. కొత్తకోటలో బోరు రిగ్గుల సామాన్ల దుకాణం పెట్టుకున్నాక నవ్వడం తగ్గింది, నా వల్లనైనా మళ్ళీ మొదలైంది.

"నీకేం స్వాహిలి వస్తదే? వంటింటి గడప దాటలే నీ స్వాహిలి. నాకన్న మూడు ముక్కలొస్తయి. మాజి, బాడో, కేషో. నీళ్ళు, ఇంక పడలే, రేపు. బోరోనికి ఇంతకన్న ఏం గావాలె?"

మూడు మాటలతో ఏడేళ్ళు రిగ్గు నడిపిన మనిషి నాకు భాష గురించి చెప్తున్నాడు.

మధ్యాహ్నం కూర్చుని నాకొచ్చిన మాటలన్నీ రాశాను. నూట పన్నెండు. లేతె, తీసుకురా. ఓశా, కడుగు. ఫుంగా, మూయి. ఫుంగువా, తెరువు. ఫాగియా, ఊడ్చు. పికా, వండు. న్గోజా, ఆగు. న్యమాజా, నోర్మూసుకో. తోకా, బయటికి పో. ధహాబు, బంగారం. ఇట్లా నూట పన్నెండు.

మొదలుపెట్టేవాళ్ళకు నూట పన్నెండు ఎక్కువే.

జూన్ 16

ఇంటర్నల్ పేపర్లు దిద్దాను. యాభై మందిలో నలభై మంది "అదికారం" అని రాశారు, "ప్రదాని" అని రాశారు. ఒత్తు పెట్టడానికి వీళ్ళకేం బరువో. ఒత్తు మర్చిపోతే అర్థమే మారిపోతుందని క్లాసులో అరగంట అరిచాను. విన్నట్టే కూర్చున్నారు.

జూన్ 18

మొదటి పజిల్ తయారైంది. తొమ్మిది స్వాహిలి మాటలు, తొమ్మిది బొమ్మలు, జతపరచాలి. అరగంట పడుతుందనుకున్నాను. రాకపోతే ఇవ్వడానికి ఆరు సూచనలు కూడా రాసిపెట్టుకున్నాను, జాలితో.

సెకండియర్ స్రవంతి అసైన్‌మెంట్ ఇవ్వడానికి వచ్చింది. ఉప్పునుంతల పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. పేపర్ దాని ముందు పెట్టాను.

"సబూని... సాబున్ గద మేడం? కితాబు, కితాబే. దవా... దవాఖానల దవా. దుకా అంటే దుకాణం. రంగి, రంగు. గారి, గాడి. దునియా, దునియానే. చాయ్‌కి బొమ్మెందుకు మేడం, చాయే గద. హబారి... హబారి..." పెన్ను నోట్లో పెట్టుకుంది. "ఖబర్! మా తాత అంటడు, ఏం ఖబర్ పిల్లా అని."

రెండు నిమిషాలు. ఆరు సూచనలూ నా చేతిలోనే ఉన్నాయి.

యూనివర్సిటీలో రెండేళ్ళు నా నోట్లోంచి సాబున్‌నీ దవాఖాననీ ఏరి పారేయడానికే సరిపోయాయి. కోస్తా రూమ్మేట్లు నవ్వుతారని. పారేసినవన్నీ అవతల సముద్రం దాటి ఒక దేశం వాడుకుంటోందని తెలిస్తే దాచుకునేదాన్ని. తెలిసీ దాచుకునేదాన్ని కాదేమో. నాకు అప్పట్లో నవ్వులంటే భయం. అప్పట్లో ఏమిటి.

"ఇంత అల్కగ పెడితే ఎట్ల మేడం? టైంపాస్ గాదు," అని స్రవంతి సలహా ఇచ్చి పోయింది.

జూన్ 22, గద్వాల

చివరి పజిల్ కంగ మీద. కంగ అంటే అక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే, తలకు కప్పుకునే గుడ్డ. చుట్టూ అంచు, మధ్య బొమ్మ, బొమ్మ కింద ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది. మా హాల్లో గోడకు ఆరేళ్ళుగా ఉన్నది జవాది ఇచ్చింది. జవాది దొడోమాలో మా ఇంట్లో ఏడేళ్ళు పనిచేసింది. వచ్చేసేముందు ఇచ్చింది. ఎర్రటి నేల, నల్ల జీడిమామిడి బొమ్మలు, కింద ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు మాటలు. నిలికుధాని ధహాబు కుంబె అధాబు.

ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. "నన్ను బంగారం, మర్యాద తెలిసిన మనిషి అని రాయించి ఇచ్చింది మా పనిమనిషి." ధహాబు అంటే బంగారం, అది నాకు రాకుండా ఉంటుందా, దొడోమా బంగారం దుకాణాలన్నీ తిరిగినదాన్ని. అదాబు అంటే మర్యాద, మన అదబే. మధ్యలో రెండు మాటలు రావు. వాక్యానికి రెండు చివర్లూ తెలిస్తే మధ్యది తెలిసినట్టే.

అంచు పీకిపోతే కుట్టించుకుందామని గద్వాల వచ్చాను. మా జములమ్మ వదిన మగ్గం దిగి, చేతులు తుడుచుకుని, గుడ్డను వెలుగుకు పట్టింది.

"అచ్చు గుడ్డ. నేసింది గాదు," అంది. ఆమె దృష్టిలో దాని కథ అక్కడికి ముగిసింది. కాటన్ చీరకు పట్టు అంచు పోగుపోగూ కలిపి నేసే మనిషి. అచ్చు గుడ్డంటే ఆమెకు దొంగ సంతకం.

"ఏం రాసిండ్రు దీని మీద?"

"నన్ను బంగారం అని వదినా."

"బంగారమనీకె గింత పొడుగు మాట గావాల్నా?"

అది అక్కడి భాష, అట్లే ఉంటుంది అన్నాను.

"ఎవలిచ్చిండ్రు?"

"పనిమనిషి."

"పేరు లేదా ఆమెకు?"

చెప్పాను. ఇంకేదో ఒకటి అడగాలని గడియారం పజిల్ చెప్పాను. స్వాహిలి వాళ్ళు మనం ఏడు గంటలంటే ఒంటిగంట అంటారు, ఎనిమిదైతే రెండు, ఎందుకో చెప్పు అని. జయరాజును అడిగితే టైమ్ జోన్ అన్నాడు.

"పొద్దు పొడిశినకాడికెళ్ళి లెక్కవెడ్తుండ్రు. పొద్దెక్కి రెండు గంటలాయె అనమా మనం? దీనికి గూడ పరీక్షనా?" నా వైపు జాలిగా చూసి, "గింత సదువుకుంటివి," అంది.

అంచు మాత్రం బాగా కుట్టింది. కుట్టుకుంటూ మరోసారి, "గింత పొడుగు మాట," అని గొణుక్కుంది.

జూన్ 24

నాకూ ఒక్కోసారి అనుమానం వస్తుంది. నాలుగు మాటల్లో రెండు రాకుండా పజిల్ పెట్టవచ్చా అని. కాని మొదలుపెట్టేవాళ్ళకే కదా. సీల్డ్ కవర్లో జవాబు రాసి బాలకృష్ణ సార్‌కు ఇచ్చేశాను: "నువ్వు బంగారం, మర్యాద తెలిసినదానివి."

ఫోన్లో వెతకవచ్చు. నా దగ్గర మనిషి నోటితో చెప్పింది ఉండగా ఫోనెందుకు. ఆ రోజు "ధహాబు?" అని నేను అడిగితే జవాది తలూపింది. నవ్వింది కూడా.

చెవి కమ్మ సంగతికీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 27

మా అమ్మాయి కావ్య మీద పరీక్షించాను. పదిహేనేళ్ళు, ఇంటర్‌లో చేరింది, నాతో రోజుకు నలభై మాటలు మాట్లాడుతుంది. రెండేళ్ళప్పుడు దొడోమా తీసుకెళ్ళాను, తొమ్మిదేళ్ళప్పుడు తీసుకొచ్చాను. స్వాహిలి అంతా మర్చిపోయిందనుకున్నాను. అట్లా అనుకుని ఊరుకున్నాను. తను చెప్పలేదు.

ఐదు పజిళ్ళలో నాలుగు పదకొండు నిమిషాల్లో చేసింది.

మూడోది చుట్టరికాలది. దీని మీద నాకు గర్వం. స్వాహిలిలో మామ అంటే అమ్మ, కాక అంటే అన్న, బాబు అంటే తాత. మనవాళ్ళు తప్పకుండా బోర్లా పడతారు. అందులో దాదా కార్డు చేతిలో పట్టుకుని కావ్య ఆగింది.

"దాదా అంటే పనిమనిషి అని రాసినవేంది?"

"ఏడేళ్ళు పిలిచాం కదా జవాదిని."

"దాదా అంటే అక్క మమ్మీ."

నాలుగోది కార్డు మీద రాసినట్టు చేయాలి. లేతె మాజి, నీళ్ళు తీసుకురా. ఫుంగువా మ్లాంగో, తలుపు తెరువు. ఇరవై కార్డులు. కావ్య పేకముక్కల్లాగా ఒక్కొక్కటీ టేబుల్ మీద వేసింది.

"ఒక్క తఫధాలి గూడ లేదు."

"అంటే?"

"జర. జర నీళ్ళియ్యవా అంటం గద. ఆ జర."

ఐదోది, కంగది చూసి, "ఇది తీసెయ్ మమ్మీ," అంది.

"ఎందుకు?"

"తీసెయ్ అంతే."

గోడ మీద ఉన్నది నా పేరు మీద ఇచ్చింది కాబట్టి కడుపుమంట. దాని దాదా నాకిచ్చింది, దానికివ్వలేదు. ఈ వయసు పిల్లలు తల్లికి ఎవరైనా మంచి మాట చెప్తే ఓర్చుకోలేరు. తీసేయను.

జూన్ 28

దాదా అంటే అక్క అనే అట. పనిమనిషిని కూడా అట్లా పిలుస్తారట. రెండూ కరెక్టే. నాదీ తప్పు కాదు.

జవాది నాకంటే నాలుగేళ్ళు పెద్దది.

కార్డు మార్చాను.

జూన్ 30

నూట పన్నెండు మాటల్లో కూరగాయలూ సామాన్లూ తీసేస్తే మిగిలినవన్నీ ఆజ్ఞలే. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఇంకోలాంటిది దొరుకుతుందేమోనని రెండుసార్లు చూశాను. "వెజి" దొరికింది, అంటే త్వరగా అనుకున్నాను. దొంగలు అట.

పాలమూరు కూలీలతో దొరలు ఎట్లా మాట్లాడారో ఏటా మూడు క్లాసులు చెప్తాను నేను. మంచి నోట్స్ ఇస్తానని పేరు.

జూలై 1

బాలకృష్ణ సార్ బహుమతి తెచ్చాడు నాకు. హైదరాబాద్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న టాంజానియా అమ్మాయిని ముఖ్య అతిథిగా పిలిచాడట. పేరు రెహెమా.

"మీరిద్దరు స్టేజి మీద స్వాహిలిల మాట్లాడుకుంటే విడియో తీసి న్యాక్ ఫైల్ల పెడ్దం మేడం. ఐదు నిమిషాలు సాలు."

జయరాజు టీ తాగుతూ, "పది నిమిషాలు పెట్టుండ్రి సార్. మేడంకు ఐదు ఏడ సాల్తయి," అన్నాడు.

ఐదు నిమిషాలు. నేను రెహెమాను ఏమనాలి? ఊడ్చు? నోర్మూసుకో?

సిక్ లీవు గురించి ఆలోచించాను. డెంగీ అయితే నమ్ముతారు. కాని స్వాహిలి రాదని తెలిస్తే వచ్చే జూన్‌కు బాలకృష్ణ సార్‌కు నన్ను ఉంచుకోవడానికి ఇంకో కారణం దొరకదు. నాకూ దొరకదు.

జూలై 3

సంబంధం లేదు అని రాశాను మొన్న. ఎవరడిగారని.

వచ్చేసే వారం ముందు, సామాన్లు సర్దుతుంటే నా బంగారు కమ్మ ఒకటి కనపడలేదు. ఇల్లంతా వెతికాను. జవాది కూడా వెతికింది, మంచాల కింద పాకి. సాయంత్రం తను ఇంటికి పోతుంటే గేటు దగ్గర ఆపి సంచీ చూపించి "ఫుంగువా" అన్నాను. తెరిచింది. అందులో కావ్యకు పొట్టైన గౌను, నేనిచ్చిందే. సగం అరిగిన సబ్బు. కావ్య గీసిన బొమ్మ, మడత పెట్టి. వాచ్‌మన్ చూస్తున్నాడు. సబ్బు నాదా కాదా అని నేను వాసన చూశాను. రాయాలంటే ఇదీ రాయాలి. వాసన చూశాను.

రెండు రోజులకు కమ్మ కావ్య జామెట్రీ బాక్సులో దొరికింది. పెట్టుకుని ఆడుకుని ఉంటుంది. దొరికిందని నరేందర్‌కు చెప్పాను. జవాదికి చెప్పలేదు. ఆ మాట నాకు స్వాహిలిలో రాదు.

మర్నాడు ఆ కమ్మలు పెట్టుకునే తిరిగాను ఇంట్లో. చూసింది కదా, అర్థమై ఉంటుంది అనుకున్నాను.

ఆ తర్వాతే కంగ ఇచ్చింది. మనసులో ఏమీ లేదని అర్థం కదా. ఏమీ లేదు కాబట్టే బంగారం అంది.

జూలై 5

కావ్య, "సోమవారం నేను గూడ వస్త మీ కాలేజీకి," అంది. ఎందుకని అడగలేదు.

జూలై 7

రాయను.

జూలై 8

రాస్తాను.

రెహెమా నిన్న పొద్దున బస్సు దిగింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. నన్ను చూడగానే తల కొంచెం వంచి "షికమో" అంది. పెద్దవాళ్ళకు పెట్టే దండం అది. జవాది రోజూ పొద్దున గుమ్మంలో నాకు అదే చెప్పేది. నేను తలూపేదాన్ని. దానికి ఒక జవాబు ఉంటుందని, ఆ జవాబు ఇవ్వాల్సింది నేనేనని, ఏడేళ్ళలో తెలుసుకోలేదు. నేను రెహెమాకు కూడా తలూపాను. పక్కనుంచి కావ్య "మరహబా అనాలె మమ్మీ," అని గుసగుసగా అంది. అని తనే రెహెమాకు షికమో చెప్పింది. ఇద్దరూ పొలం గట్టు మీద కలుసుకున్న ఒకే ఊరివాళ్ళలాగా మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్క ఆజ్ఞ కూడా లేదు మరి అందులో.

ఐదు నిమిషాల వీడియో కావ్యతో తీశారు. "మేడం బిడ్డకే ఇంతొస్తే మేడంకెంత రావాలె," అన్నాడు బాలకృష్ణ సార్, మైకులో.

హంట్ బాగానే నడిచింది. రాస్తున్నాను కాబట్టి రాయాలి, బాగానే నడిచింది. పిల్లలు మూడు అంతస్తులూ ఎక్కి దిగారు. తెలకపల్లి పిల్లలు ఇద్దరు, "ఓ బాబూ" అని ఒకర్నొకరు తాతా అని పిలుచుకుని పడీపడీ నవ్వారు. నాలుగో పజిల్ దగ్గర రెహెమా కార్డులు తీసి చూసింది. ఇరవై కార్డులు, ఒక్కొక్కటీ. చూసి, చక్కగా వరుస సర్ది, ఉన్నచోటే పెట్టింది. నా ముఖం చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

చివరికి అందరూ హాల్లోకి వచ్చారు. స్టేజి మీద కాలేజీ ఫ్లెక్సీ కింద కంగ వేలాడుతోంది. బాలకృష్ణ సార్ మైకు అందుకున్నాడు. "ఇది మేడం ఇంట్ల పనిచేసినామె మేడంకు ఇచ్చిన సర్టిఫికెట్! ఏం రాసిందో మొదలు చెప్పినోళ్ళకు కప్పు."

స్రవంతి జట్టు ముందు లేచింది. చేతిలో నేనిచ్చిన కార్డులు. ధహాబు, బంగారం. అదాబు, మర్యాద.

"నువ్వు బంగారం, మర్యాద ఉన్నదానివి," అంది. కవరు చింపబోతున్న సార్‌ను చేత్తో ఆపి, "కాని సార్, ఒక డౌటు," అంది. "కార్డుల అదాబు అని ఉంది. గుడ్డ మీద డి పక్కన హెచ్ ఉంది. ధహాబుకు హెచ్ ఉంటే మేడం ఒత్తు పెట్టిండ్రు. మరి దీనికి గూడ ఒత్తు ఉండాలె గద. అదాబు గాదు, అధాబు. మేడమే చెప్తరు, ఒత్తు మర్శిపోతే అర్థం మారుతదని."

హాలు "ఓహో" అంది. నాకు ఆ హెచ్ తెలియక కాదు. ఆరేళ్ళుగా చూస్తున్నాను. అచ్చు వేసినవాడికి స్పెల్లింగు రాదనుకున్నాను. జూన్‌లో ఈ డైరీలో నేనే ఒత్తు పెట్టి రాసుకున్నాను, పెట్టి, కింద లైన్లోనే తీసేశాను.

బాలకృష్ణ సార్ అతిథి వైపు తిరిగాడు. రెహెమా గుడ్డ చదివింది. నన్ను చూసింది, ఈసారి చూసింది. ఇంగ్లిష్‌లో మెల్లగా, "రెండు రకాలుగానూ రాస్తారు. మేడం జవాబే సరైనది," అంది.

అబద్ధం. ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాలుగు గంటలు బస్సులో వచ్చిన పిల్ల, ముక్కూముఖం తెలియని నా కోసం చెప్పింది. చప్పట్లు మొదలయ్యాయి. స్రవంతి "సారీ మేడం" అని కార్డులు సర్దుకుని కూర్చోబోయింది. ఈ కాలేజీలో ఒత్తు చూసిన ఒకే ఒక్క పిల్ల. తప్పు అని కూర్చుంటోంది.

ధైర్యం అనుకోవద్దు. ఎదురుగా మూడో వరుసలో కావ్య ఉంది. నేనేం చేస్తానో చూడటానికే వచ్చింది. అంతే.

"కావ్యా," అన్నాను మైకులో. "నువ్వు చెప్పు."

కావ్య లేచింది. "నిన్ను బంగారమనుకున్న," అంది. ఆగింది. "తీరా చూస్తే శిక్షవి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు విరగబడి నవ్వింది. బాలకృష్ణ సార్ చేతిలో కవరు, కవరులో నా రాత. జయరాజు లేచి నిలబడి మరీ, "సర్టిఫికెట్ మంచిగిచ్చింది మేడం మీ పనామె!" అన్నాడు. ఇన్నాళ్ళకు అతని మాటలో పొగడ్త లేదని తేలింది.

స్రవంతి నవ్వలేదు. కప్పు తీసుకునేటప్పుడు, "పజిల్ మంచిగుండె మేడం. అల్కగనే పెట్టిండ్రు," అంది. ఓదార్పు. నాకు.

ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగాను. "నీకెప్పటినుంచి తెలుసు?"

"కొన్నప్పటినుంచి. బజారుకు నన్ను గూడ తోల్కపోయింది దాదా. ముప్పై గుడ్డలు తిరగేసింది. ఇది దొరికినంక చదివి వినిపిచ్చింది. మీ అమ్మకు చెప్పకు, తనకై తను చదువుకోనీ అన్నది."

"ఏడ్చిందా?"

"లే. మస్తు నవ్వింది."

ఆటో మా సందులోకి తిరిగాక మళ్ళీ తనే అంది. "కమ్మ నేను తీసిన అని దాదాకు చెప్పిన. సంచి తెరిపిచ్చిన మర్నాడే. నీకు చెప్పొద్దన్నది. కొడ్తవని."

కొట్టేదాన్ని.

జూలై 9

కొత్తకోటలో నరేందర్ దాకా తెలిసిపోయింది. "గోడకు మనమే కొట్టుకుంటిమి మొల," అన్నాడు. ఈసారి నవ్వలేదు. ఏడేళ్ళు ఆ ఇంట్లో అతనూ తిన్నాడు.

కంగ మళ్ళీ గోడకు పెట్టాను. కావ్య పెట్టిందనుకుంటారేమో, నేనే పెట్టాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే పూర్తి వాక్యం చెప్పాలి. చెప్పగలనో లేదో.

జవాది నంబరు కావ్య దగ్గర ఉంది. రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నారట. నా ఇంట్లో, నా వైఫైతో.

"స్వాహిలిలో సారీకి ఏమంటారు?" అని అడిగాను.

కావ్య పుస్తకం మూసింది. "రెండున్నయి. పోలే అని ఒకటి. ఎవలకన్న దెబ్బ తాకితే, కష్టమొస్తే అంటరు. అయ్యో పాపం అన్నట్టు. మన తప్పేం ఉండదు అండ్ల. సమహాని అని ఇంకోటి. తప్పు మనదైతే అది." నన్ను చూసింది. "నీకేది గావాలె?"

మొదట కాగితం మీద పోలే అని రాశాను. ఇక్కడ అబద్ధమాడి ఏం లాభం. అదే రాశాను. చిన్నగా ఉంది, ఖర్చు లేనిది. కావ్య తొంగి చదివింది. చించి మళ్ళీ రాశాను. సమహాని. ఏడు సార్లు రాయాల్సి వచ్చింది, చేతికి పట్టుబడటానికి. ఏడేళ్ళకు ఏడు. ఇట్లాంటి అందాలు నాకు వెంటనే తడతాయి.

"సమహాని, దాదా," అని పంపాను. దాదా అని మొదటిసారి ఏమీ తెమ్మనకుండా పిలిచాను. కమ్మ గురించి కావ్యతో రాయించాను, జామెట్రీ బాక్సు సంగతి, దొరికాక నేను చెప్పకపోవడం, సబ్బు. సబ్బు సంగతి కావ్యకు తెలియదు. రాస్తూ రాస్తూ ఒకసారి నన్ను చూసి, మళ్ళీ రాసింది.

జూలై 10

చదివింది. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

జూలై 11

లేదు.

బాలకృష్ణ సార్ పిలిచి, "వచ్చే యేడు గూడ చేద్దం మేడం, పిల్లలకు మస్తు నచ్చింది," అన్నాడు. ఈ మనిషికి దేనికీ సిగ్గు లేకపోవడం ఒక్కోసారి వరం. వచ్చే ఏడు కార్డులు స్రవంతి రాస్తుందని చెప్పాను.

జూలై 12

పొద్దెక్కి మూడు గంటలకు వచ్చింది. రెండే మాటలు.

మ్లెతె కావ్య.

కావ్య కాలేజీకి పోయింది. ఫోన్లో వెతకలేదు. వెతకాల్సిన పని లేదు. లేతె, తీసుకురా. ముందు ఒక చిన్న అక్షరం చేరింది, అంతే. నాకొచ్చిన భాషలోనే రాసింది, నాకు తప్పకుండా అర్థమయ్యేట్టు.

కావ్యను తీసుకురా.

క్షమించానని లేదు. నన్ను రమ్మని లేదు. జర లేదు, తఫధాలి లేదు.